హైస్పీడ్ రైలు సర్వే రాళ్లు పడిన పొలాలు: నోటిఫికేషన్ రాకముందే అమ్మకాలు ఆగిపోతే రైతు ఏం చేయాలి?

గట్టుమీద_రైతు

మా పొలాల మీదుగా హైస్పీడ్ రైలు మార్గం వెళ్తుందంటూ సర్వే వాళ్లు వచ్చి కొలతలు తీసుకుని, గట్ల మీద రాళ్లు పాతి వెళ్లారు. 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు కారిడార్లలో పుణె-హైదరాబాద్, హైదరాబాద్-బెంగళూరు, హైదరాబాద్-చెన్నై మార్గాలు మూడూ తెలుగు రైతుల భూములను తాకేవే కాబట్టి, ఈ ప్రశ్న నా ఒక్కడిదే అయి ఉండదని ఇక్కడ అడుగుతున్నాను. ఇంతవరకు గెజిట్ నోటిఫికేషన్ లేదు, మాలో ఎవరికీ నోటీసు రాలేదు. అయినా అమ్మాయి చదువు కోసం రెండెకరాలు అమ్ముదామంటే, బేరానికి వచ్చినవాళ్లు గట్టు మీది రాయిని చూసి మారుమాట లేకుండా వెళ్లిపోతున్నారు. భూమి తనఖా మీద రుణం అడిగితే, అలైన్‌మెంట్ (మార్గం కచ్చితంగా పోయే గీత) తేలాక రమ్మని బ్యాంకు వాళ్లు అంటున్నారు.

రైలు రాకూడదని నేను కోరడం లేదు. నోటిఫికేషన్‌కు ముందు జరుగుతున్న ఈ నష్టాన్ని ఎవరు భరిస్తారు? పైగా రాళ్ల వరుస మా చేను మధ్యలో ఏటవాలుగా పోతోంది. మార్గం కిందికి పోయే భూమికి డబ్బు ఇస్తారు, సరే. అటొకటి ఇటొకటిగా మిగిలిపోయే రెండు ముక్కల సంగతి ఏమిటి?

చిన్నకమతం

మా దగ్గర కూడా అచ్చం ఇదే పరిస్థితి. అమ్ముకునే వీలు లేదు, కొత్తగా బోరు వేయడానికి ధైర్యం చాలదు, నిమ్మ మొక్కలు పెడదామనుకున్న ఆలోచన కూడా మానుకున్నాం.

నల్లకోటు

చట్టం వరకు నాకు తెలిసింది చెబుతాను. 1894 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన రోజు నుంచే అందులో చూపిన భూమిపై అమ్మకాలకు, తనఖాలకు నిషేధం మొదలవుతుంది. అప్పుడు కూడా ప్రత్యేక పరిస్థితులు చూపి దరఖాస్తు చేసుకుంటే మినహాయింపు ఇచ్చే అధికారం కలెక్టరుకు ఉంది. అంటే ఈ రోజు మీ భూమిని అమ్ముకోవడానికి చట్టపరంగా ఏ అడ్డంకీ లేదు. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే, ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా అడగండి.

అయితే మీరు అడిగిన అసలు ప్రశ్నకు మన చట్టంలో జవాబు లేదు. మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం ఇవ్వాలని 30వ సెక్షన్ చెబుతోంది గాని, ఆ లెక్క సామాజిక ప్రభావ మదింపు (ప్రాజెక్టు వల్ల అక్కడి ప్రజల బతుకు ఎలా మారుతుందో చూసే అధ్యయనం) నోటిఫికేషన్ తేదీ నుంచే మొదలవుతుంది. అంతకుముందు ఎన్నేళ్లు రాళ్ల మధ్య గడిపినా ఆ కాలానికి పరిహారం లేదు.

రైలుమిత్ర

ఇంత ముందుగా భయపడనవసరం లేదని నా అభిప్రాయం. సర్వే జరిగినంత మాత్రాన అలైన్‌మెంట్ ఖరారైనట్టు కాదు. స్టేషన్ వచ్చే చోట చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది. రేపటి తరం ప్రయాణ అవసరాలను కూడా మనం ఆలోచించాలి. ముంబై-అహ్మదాబాద్ హైస్పీడ్ రైలు మార్గంలోనూ మొదట వ్యతిరేకించిన గ్రామాలు చాలావరకు తర్వాత భూములు ఇచ్చాయి.

గట్టుమీద_రైతు

రైలుమిత్ర గారూ, స్టేషన్ పక్కన భూమి ఉన్నవారి సంగతి వేరు. ముంబై నుంచి అహ్మదాబాద్ వరకు 508 కిలోమీటర్ల మార్గానికి ఉన్న స్టేషన్లు 12. మిగతా పొడవంతా రైలు గంటకు 320 కిలోమీటర్ల వేగంతో పొలాలను దాటుకుంటూ పోయేదే. అక్కడి రైతుకు విలువ ఏ దారిన పెరుగుతుందో మీరే చెప్పాలి.

పాతసర్వేయర్

రైలుమిత్ర గారి మాటలో సగం నిజం ఉంది. మొదటి సర్వే గీత చాలాసార్లు మారుతుంది. కాని ఆ గీత ఒక ఊరి నుంచి తప్పుకుంటే ఇంకో ఊరి మీద పడుతుంది, ఈలోగా రెండు ఊళ్లలోనూ అమ్మకాలు ఆగిపోతాయి. ముంబై-అహ్మదాబాద్ మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగితే, భూసేకరణ నూటికి నూరు శాతం పూర్తయినట్టు 2024 జనవరిలో ప్రకటించారు. ఆ ఆరేళ్లకు పైగా కాలంలో ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్లు, చదువులు, వైద్యాలు ఆ గీత చుట్టూ తిరిగి ఉంటాయో ఆలోచించండి.

గట్టుమీద_రైతు గారు ముందు చేయవలసిన పని రికార్డు సరిచూసుకోవడం. పాస్ పుస్తకంలోని విస్తీర్ణం, అడంగల్ లేదా పహాణీలోని విస్తీర్ణం, క్షేత్రంలో ఉన్న విస్తీర్ణం మూడూ ఒకటేనా అని చూసుకోండి. సేకరణ సర్వేలో సబ్ డివిజన్ చేసేటప్పుడు ఈ తేడాలన్నీ బయటపడతాయి. అప్పుడు సరిచేయించుకోవాలంటే పరిహారం ఆగిపోతుంది.

దూరదేశి

నేను బ్రిటన్‌లో ఉంటున్నాను. గట్టుమీద_రైతు గారి మొదటి ప్రశ్నపై ఇక్కడ కొంత ఆలోచించారు. హైస్పీడ్ 2 అనే ఇక్కడి రైలు మార్గానికి ఇరువైపులా రక్షిత మండలం (మార్గం కోసం కేటాయించి ఉంచిన భూమి) ప్రకటించిన తర్వాత, అందులో సొంత ఇల్లు లేదా సొంత సాగు ఉన్న యజమాని "ఈ ప్రాజెక్టు వల్ల నా ఆస్తి అమ్ముడుపోవడం లేదు, మీరే కొనండి" అని ప్రభుత్వానికి నోటీసు ఇవ్వవచ్చు. ప్రాజెక్టు లేనట్టయితే ఉండే ధరను లెక్కగట్టి కొనాలి. మండలం బయట ఉండి తప్పనిసరిగా అమ్ముకోవలసి వచ్చిన వారికి వేరే పథకం ఉంది. 120 నుంచి 300 మీటర్ల దూరంలో ఉన్న గ్రామీణ ఇళ్ల యజమానులకు కొంత నగదు చెల్లింపు కూడా పెట్టారు.

అయినా ఇక్కడివారు సుఖపడ్డారని అనుకోకండి. 2023 అక్టోబరు 4న అప్పటి ప్రధాని రిషి సునాక్ బర్మింగ్‌హామ్ ఆవలి భాగాన్ని రద్దు చేశారు. బర్మింగ్‌హామ్ వైపు నుంచి క్రూ పట్టణం వరకు ఉన్న రక్షిత మండలాన్ని 2024 జనవరిలో ఎత్తివేశారు. అప్పటికే కొందరు పొలాలు, ఇళ్లు ఇచ్చేసి తరతరాల ఊరు విడిచి వెళ్లిపోయారు. పాత యజమానికి తిరిగి కొనుక్కునే అవకాశం ఇవ్వడమనే నియమం ఉంది గాని, అది ఇప్పటి మార్కెట్ ధరకే.

చిన్నకమతం

నోటీసు ఇచ్చి కొనమనే హక్కు మనకూ ఉండాలి. రాయి పాతిన రోజే ఆ హక్కు పుట్టాలి.

రైలుమిత్ర

ప్రతి సర్వే రాయికీ అలాంటి హక్కు ఇస్తే ఏ ప్రభుత్వమూ ఏ మార్గాన్నీ పరిశీలించలేదు. మూడు నాలుగు ప్రత్యామ్నాయాలు చూసి మేలైనది ఎంచుకోవడం ప్రజాధనానికి కూడా మంచిదే కదా.

నల్లకోటు

రైలుమిత్ర గారి అభ్యంతరం సబబైనదే. అందుకే బ్రిటన్‌లోనూ ప్రాథమిక పరిశీలన దశలో కాక, రక్షిత మండలం ప్రకటించాకే ఆ హక్కు పుడుతుంది. మన దగ్గర కూడా అలైన్‌మెంట్‌కు ఆమోదం లభించిన రోజు నుంచి ఒక గడువు పెట్టి, ఆలోగా 11వ సెక్షన్ నోటిఫికేషన్ ఇవ్వకపోతే ఆ భూమిని విడిచిపెట్టినట్టే అని రాస్తే సరిపోతుంది. నోటిఫికేషన్ తర్వాతి దశలకు గడువులు ఇప్పటికే ఉన్నాయి. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లో డిక్లరేషన్ (భూమి తీసుకుంటున్నట్టు తుది ప్రకటన), దాని నుంచి 12 నెలల్లో అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) రావాలి. గడువు లేనిదల్లా ఈ మొదటి దశకే.

మామిడితోట

ధర సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పక్క సర్వే నంబర్లలో ఈ మధ్య జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ ప్రభుత్వ విలువకే రాసుకున్నారు. చేతులు మారిన అసలు డబ్బు అంతకు ఎన్నో రెట్లు. రేపు పరిహారం ఆ కాగితాల మీది ధరను బట్టే కడతారా?

నల్లకోటు

ఆ భయం నిజమైనదే. 26వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేళ్లలో ఆ పరిసరాల్లో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ అవుతుంది. గ్రామీణ ప్రాంతమైతే దాన్ని రాష్ట్రం ప్రకటించిన 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చిస్తారు. దానికి చెట్లు, కట్టడాల విలువ కలిపి, మొత్తానికి సమానంగా మరో 100 శాతం సొలేషియం, అంటే బలవంతపు సేకరణకు ఓదార్పు సొమ్ము, ఇస్తారు. కాగితం మీద విలువ 100 రూపాయలు, గుణకం 1.25 అనుకుంటే 125, సొలేషియంతో 250 అవుతుంది. 12 శాతం అదనపు మొత్తాన్ని మాత్రం ఆ మొదటి 100 మీదే కడతారు. అసలు ధర 400 ఉన్న చోట కాగితం మీద 100 అని రాసుకుని ఉంటే, రెట్టింపు పరిహారమని పత్రికల్లో వచ్చినా రైతుకు నష్టమే మిగులుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని మాట ఒకటి అదే సెక్షన్‌లో ఉంది. సేకరణ మొదలుపెట్టే ముందు ఆ ప్రాంతంలో మార్కెట్ విలువను సవరించి, తాజాపరచడానికి కలెక్టరు చర్యలు తీసుకోవాలి. నోటిఫికేషన్ రాకముందు గ్రామసభ తీర్మానంతో ఈ సవరణ కోరుతూ అర్జీ పెట్టండి. ముంబై-అహ్మదాబాద్ మార్గంలో భూములు పోయే గుజరాత్ రైతులు హైకోర్టులో వాదించిన అంశాల్లో పాత విలువలు కూడా ఉన్నాయి. 2019 సెప్టెంబరులో వారి పిటిషన్లను కోర్టు కొట్టివేసింది. కాబట్టి ఈ పనిని కోర్టు దాకా రానివ్వకుండా ముందే చేయించుకోవడం మేలు.

మామిడితోట

అయితే ఇప్పుడే మా బంధువుల మధ్య ఎక్కువ ధరకు నాలుగు దస్తావేజులు రాసుకుంటే సగటు పెరగదా? ఊళ్లో కొందరు ఇదే సలహా ఇస్తున్నారు.

పాతసర్వేయర్

దయచేసి ఆ పని చేయకండి. ఉన్నట్టుండి పెరిగిన దస్తావేజులు అధికారుల కంట పడకుండా ఉండవు. వాస్తవ ధరను సూచించని అమ్మకాలను లెక్కలోంచి తీసేసే అధికారం కలెక్టరుకు ఉంది. వాటితోపాటు ఊళ్లో నిజాయతీగా జరిగిన అమ్మకాల మీద కూడా అనుమానం పడుతుంది, కట్టిన స్టాంపు డ్యూటీ తిరిగి రాదు.

మీరు చేయవలసింది వేరు. చెట్టు చెట్టుకూ వయసు, చుట్టుకొలత, కాపు రాసి పెట్టండి. గత కొన్నేళ్లు కాయ అమ్మిన రసీదులు దాచండి. చెట్ల విలువ కట్టడానికి ఉద్యాన నిపుణుల సాయం తీసుకునే వీలు 29వ సెక్షన్‌లో ఉంది. పంచనామాలో "మామిడి చెట్లు" అని ఒక్క మాట రాసి సంఖ్య వేస్తే, కాపుకొచ్చిన చెట్టుకూ నిన్న నాటిన అంటుకూ తేడా లేకుండా పోతుంది. చదవకుండా సంతకం పెట్టకండి. బోరు, మోటారు, భూమిలోని పైపులైను, డ్రిప్ గొట్టాలు, కంచె, పశువుల కొట్టం ఒక్కొక్కటీ విడిగా రాయించండి.

వంతెనపని

నేను వంతెనల నిర్మాణంలో పని చేసే ఇంజనీరును. "మా పొలం వదిలేసి కాస్త పక్కకు జరపరాదా" అని రైతులు అడుగుతూ ఉంటారు. ఆ వేగానికి మలుపు వ్యాసార్థం కిలోమీటర్లలో ఉండాలి కాబట్టి, ఒక పొలం తప్పించాలంటే ముందూ వెనకా ఎన్నో ఊళ్ల పొడవునా గీత మారుతుంది. అందుకే మార్గం మార్చమన్న అభ్యర్థనల కంటే, ఎలా కట్టాలో చెప్పే అభ్యర్థనలకు ఫలితం ఎక్కువ.

ముంబై-అహ్మదాబాద్ మార్గం చాలావరకు వయాడక్టు (స్తంభాల మీద సాగే పొడవాటి వంతెన) మీదే వెళ్తుంది. సుమారు 40 మీటర్ల గర్డర్లను స్తంభాల మీద నిలబెడుతున్నారు. అలాంటి చోట పొలం అటూ ఇటూ తిరగడానికి, నీరు పారడానికి వీలుంటుంది. మట్టికట్ట వేస్తే మాత్రం రెండువైపులా కంచె వస్తుంది, అండర్‌పాస్ ఉన్న చోటే దాటాలి. భూమి తక్కువ పడుతుందా, ఎక్కువ పడుతుందా అన్నదానికన్నా మీ ఊరి దగ్గర కట్ట వస్తుందా, స్తంభాలు వస్తాయా అన్నది ముందుగా కనుక్కోండి.

గట్టుమీద_రైతు

ఇదే నా రెండో ప్రశ్నకు దగ్గరగా ఉంది. మా బోరు తూర్పు ముక్కలో ఉంటుంది, పడమటి ముక్కకు నీరు భూమిలోని పైపు ద్వారా పోతుంది. మార్గం మధ్యలో వస్తే పడమటి ముక్క మెట్ట అయిపోతుంది. దానికి దారి కూడా పక్క రైతు గట్టు మీదుగానే.

నల్లకోటు

ఈ నష్టాన్ని చట్టం గుర్తించింది. ఒక భాగం తీసుకోవడం వల్ల మిగతా భూమి విడిపోయి కలిగే నష్టాన్ని, యజమాని ఇతర ఆస్తికి లేదా ఆదాయానికి కలిగే హానిని అవార్డులో పరిగణించాలని 28వ సెక్షన్ చెబుతోంది. కాని అడగనిదే ఎవరూ లెక్కగట్టరు. 15వ సెక్షన్ కింద అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. తూర్పు ముక్క, పడమటి ముక్క, బోరు, పైపు, దారి చూపే చేతిపటం గీసి, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు జతచేసి, ఆ గడువులోనే ఇవ్వండి. ఇల్లు లేదా కట్టడంలో కొంత భాగమే పోతున్నప్పుడు, మొత్తం తీసుకోవాలని కోరే హక్కు 94వ సెక్షన్‌లో ఉంది.

ఒక హెచ్చరిక. సేకరణను 2013 చట్టం కింద కాకుండా 1989 రైల్వే చట్టం కింద చేపడితే, అభ్యంతరాలకు 30 రోజులే ఉంటాయి, సామాజిక ప్రభావ మదింపు ఉండదు. పరిహారం, పునరావాసం విషయంలో మాత్రం 2013 చట్టపు ప్రమాణాలే 2015 నుంచి రైల్వే చట్టానికీ వర్తిస్తున్నాయి. 2013 చట్టం కిందే అయినా, గుజరాత్ 2016లో చేసినట్టుగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ తర్వాత సవరణలు చేసి కొన్ని ప్రాజెక్టులను మదింపు నుంచి మినహాయించే వీలు కల్పించుకున్నాయి. నోటీసు చేతికందగానే అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వచ్చిందో మొదట చూడండి.

దూరదేశి

ఫ్రాన్స్ పద్ధతి ఇక్కడ ప్రస్తావించదగ్గది. పెద్ద రోడ్డో రైలు మార్గమో కమతాలను దెబ్బతీస్తే, ఆ నిర్మాణ సంస్థ ఖర్చుతోనే చుట్టుపక్కల భూములను తిరిగి పంచి, ఒక్కో రైతు ముక్కలను మార్గానికి ఒకే వైపు చేరుస్తారు. నష్టాన్ని అందరూ కాస్త కాస్త పంచుకోవడం వల్ల ఏ ఒక్క రైతూ పూర్తిగా చితికిపోడు. అమెరికాలోని కాలిఫోర్నియా హైస్పీడ్ రైలు మార్గంలో అలాంటి ఏర్పాటు లేక, సెంట్రల్ వ్యాలీలో బాదం, ద్రాక్ష తోటలు ఏటవాలుగా తెగి, నీటి గొట్టాల విషయంలో రైతులు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది.

రైలుమిత్ర

ఈ ఫ్రాన్స్ పద్ధతిని నేను పూర్తిగా సమర్థిస్తాను. రైలు కావాలని కోరేవాళ్లం ఇలాంటి ఖర్చును కూడా ప్రాజెక్టు ఖర్చులో భాగంగా ఒప్పుకోవాలి.

పాతసర్వేయర్

మన దగ్గర అమలు చేయడం తేలిక కాదు. భూమి ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. నల్లరేగడి ఇచ్చి చవుడు నేల తీసుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? పక్కపక్క రైతులు ఇద్దరూ ఇష్టపడి మార్చుకుంటే మాత్రం మంచిదే. అలాంటి మార్పిడికి రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించమని కోరవచ్చు.

కౌలుసాగు

ఇంతసేపూ పట్టాదారుల గురించే మాట్లాడుతున్నారు. నాకు సెంటు భూమి లేదు. నేను కౌలుకు చేస్తున్న నేల మీదే రాళ్లు పడ్డాయి. యజమానికి పరిహారం వస్తుంది, ఆయన పట్నంలో ఉంటారు. నా సంగతి ఎవరు చూస్తారు?

నల్లకోటు

చట్టంలో బాధిత కుటుంబం అంటే భూ యజమాని ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారులు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు కూడా అందులోకి వస్తారు. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి సాగు చేసుకుంటున్నవారూ వస్తారు. రెండో షెడ్యూలు ప్రకారం ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2,000 రూపాయలు అనే మూడింటిలో ఒకదానికి మీకు అర్హత ఉండవచ్చు. చిక్కంతా రుజువు దగ్గరే. కౌలు కార్డు, పంట నమోదు, ఎరువుల రసీదులు, ధాన్యం అమ్మిన చీటీలు ఏవి ఉన్నా భద్రపరచండి.

కౌలుసాగు

కౌలు కార్డుకు యజమాని సంతకం పెట్టరు. పెడితే భూమి మీద హక్కు అడుగుతానని ఆయన భయం. పంట నమోదు కూడా ఆయన పేరు మీదే ఉంది.

పాతసర్వేయర్

అయితే సర్వే రోజున మీరు పొలంలోనే ఉండి, సాగుదారుగా మీ పేరు పంచనామాలో రాయమని అడగండి. రాయకపోతే ఆ వారంలోనే ఆర్డీఓకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పక్క పొలాల రైతుల సంతకాలతో సాక్ష్యం జతచేయండి. ఇది చిన్న కాగితమే అయినా, గణన పూర్తయ్యాక దీనికి బదులు మరేదీ పనికిరాదు.

వంతెనపని

భూమి పోకుండా పక్కనే ఉండిపోయేవారి గురించి ఒక మాట. జపాన్‌లో 1964లో షింకన్‌సెన్ అనే హైస్పీడ్ రైలు నడవడం మొదలయ్యాక, నగోయాలో మార్గం పక్కన ఇళ్లున్నవారు శబ్దం, కంపనాల గురించి 1974లో కోర్టుకు వెళ్లారు. 1975లో అక్కడి ప్రభుత్వం నివాస ప్రాంతాల్లో 70 డెసిబెల్స్, ఇతర ప్రాంతాల్లో 75 అని ప్రమాణం పెట్టింది. నగోయా కేసు 1986లో రాజీతో ముగిసింది. మన దగ్గర అభ్యంతరాలు రాసేటప్పుడు గీతలో పడిన సర్వే నంబర్లవారే ముందుకొస్తారు. గీతకు ఆనుకున్న ఇళ్లు, బడి, కోళ్ల షెడ్లు ఉన్నవారూ శబ్ద అడ్డుగోడలు అడగాలి. గోడ భారాన్ని లెక్కలో పెట్టి ముందే డిజైన్ చేసుకోవాలి కాబట్టి తర్వాత అడిగితే కష్టం.

చిన్నకమతం

మాకు ఇంకో చిక్కు ఉంది. పాస్ పుస్తకం ఇప్పటికీ చనిపోయిన మా నాన్నగారి పేరు మీదే ఉంది. అన్నదమ్ములం ముగ్గురం నోటిమాటగా పంచుకుని ఎవరి భాగం వాళ్లం చేసుకుంటున్నాం. గీత నా భాగంలోనే పోతోంది. పరిహారం ముగ్గురికీ వెళ్తుందా?

నల్లకోటు

రికార్డు ప్రకారం ముగ్గురూ వారసులే కాబట్టి ముగ్గురికీ నోటీసు వస్తుంది. ఒకరు అభ్యంతరం చెప్పినా డబ్బు భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీ దగ్గర జమ అయిపోతుంది, తేలేవరకు మీ చేతికి రాదు. నోటిఫికేషన్ రాకముందే ఫౌతి మార్పు (చనిపోయినవారి పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించడం) చేయించుకుని, పంపకాన్ని రిజిస్టరు చేయించుకోండి. ఈ చట్టం కింద వచ్చే అవార్డుపై 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను ఉండదని అన్నదమ్ములకు చెబితే, ఎవరి వాటా ఎవరి ఖాతాలో పడాలన్న పేచీ కొంత తగ్గుతుంది. అవార్డు మొత్తం చాలదనిపిస్తే, అవార్డు ఇచ్చే సమయంలో మీరు హాజరై ఉంటే ఆరు వారాల్లోగా 64వ సెక్షన్ కింద రిఫరెన్సు, అంటే విషయాన్ని ఆ అథారిటీకి పంపాలని, కోరాలి. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాయడం మరచిపోకండి.

గట్టుమీద_రైతు

నల్లకోటు గారు, పాతసర్వేయర్ గారు చెప్పిన వాటిని ఒక కాగితం మీద రాసుకుని మా ఊళ్లో పెద్దలకు చూపించాను. మార్కెట్ విలువ సవరించాలన్న అర్జీ గ్రామసభలో పెడుతున్నాం. వంతెనపని గారిని ఇంకొకటి అడగాలి. మా దగ్గర కట్ట వేస్తే అండర్‌పాస్ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అడగాలి?

వంతెనపని

అంకె నేను చెప్పడం కన్నా మీ ఊళ్లో తిరిగే వాటిలో అన్నిటికన్నా ఎత్తైనదాన్ని, వెడల్పైనదాన్ని మీరే కొలిచి రాయండి. వరికోత యంత్రం, గడ్డి ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ రెండింటినీ కొలవండి. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఆగే చోటు ఉండాలి. వానాకాలంలో నీరు నిలవకుండా అడుగు మట్టం పక్క చేలకన్నా పైన ఉండాలని, లేదా నీరు తోడే ఏర్పాటు ఎవరు చూసుకోవాలో పేర్కొనాలని కూడా రాయండి. మీ పైపు కోసం కట్ట అడుగున తూము ఒకటి విడిగా అడగండి. దాని స్థానాన్ని మీ సర్వే నంబరుతో, బోరు నుంచి ఎన్ని మీటర్లో వేసి పటంలో చూపించండి.

కౌలుసాగు

ఆ పటంలో పడమటి ముక్క సాగుచేసేది ఎవరో కూడా రాయండి.

గట్టుమీద_రైతు

తప్పకుండా రాస్తాను. మా పడమటి ముక్క చేసేది కూడా కౌలు రైతే. అర్జీ మీద ఆయన సంతకం కూడా తీసుకుంటాను.